తీర్పు చెప్పువారి ధర్మము

లోకమున కొన్ని పనులకు ఒక విచిత్రమైన స్వభావము కలదు. వానిని చక్కగా నెరవేర్చినంత కాలము అవి ఎవరి కంటికిని కనబడవు. ఒక్కసారి తప్పినచో ఊరంతటికిని కనబడును. చెరువుకట్టను కాచువాడు వర్షకాలమంతయు రాత్రులు మేల్కొని గండి పడకుండ చూచినను, పంట ఇంటికి వచ్చిన నాడు అతని పేరు తలచువారు అరుదు. ఒక్క రాత్రి కట్ట తెగినచో అతని పేరు ఇంటింట వినబడును. ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు పని అట్టిది.

ఆ ఆటలో జట్టునకు పదునొకండుగురు. పదిమంది మైదానమంతయు పరుగెత్తుచు బంతిని కాలితో నడుపుదురు. ఒక్కడు మాత్రము ఎనిమిది గజముల వెడల్పును, ఎనిమిది అడుగుల ఎత్తును గల ద్వారము ముందు నిలిచి, చేతులతో బంతిని అడ్డుకొనును. ముందువరుస ఆటగాడు పదిసార్లు గురితప్పి ఒక్కసారి గోలు చేసినచో, ఆ ఒక్కటియే లెక్కకు వచ్చును. గోల్‌కీపరు పదిసార్లు బంతిని ఆపి ఒక్కసారి విఫలుడైనచో, అతని విషయమునను ఆ ఒక్కటియే లెక్కకు వచ్చును. ఇతరుల తప్పును దిద్దుటకు వెనుక అతడున్నాడు. అతని తప్పును దిద్దుటకు వెనుక వల తప్ప వేరేమియు లేదు.

అట్టివాడు జట్టునకు నాయకుడు కూడ అయి, గాయపడి, కోలుకొని, పిమ్మట పూర్వపు పటుత్వము కొంత తగ్గినట్లు తోచినపుడు, అభిమానులలో వాదము పుట్టును. ఇతనిని తొలగింపవలెనని కొందరు, నిలుపవలెనని కొందరు పట్టుపట్టుదురు. చూచుటకు ఇది ఆటకు సంబంధించిన చిన్న తగవు. విచారించినచో దీనిలో ఒక పెద్ద ధర్మసందేహము ఇమిడియున్నది. ఒకని సేవ వలన చిరకాలము లాభము పొందినవారు, అతని శక్తి క్షీణించినపుడు అతనిని గూర్చి ఎట్లు తలంపవలెను? ఎట్లు మాటలాడవలెను? వృద్ధుడైన ఉపాధ్యాయుని గూర్చియు, చేయి వణకుచున్న వైద్యుని గూర్చియు, కుటుంబ భారము మోసి అలసిన పెద్దను గూర్చియు పుట్టు ప్రశ్న ఇదియే.

ఇందులకు స్పెయిను దేశపు గోల్‌కీపరు ఈకర్ కసియాస్ చరిత్ర తగిన ఉదాహరణము. అతడు 1981లో మాడ్రిడ్ నగర సమీపమున జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయముననే రియల్ మాడ్రిడ్ సంఘపు బాలుర జట్టున చేరెను. 2000 సంవత్సరమున, పందొమ్మిదేండ్లు నిండిన కొలది దినములకే, యూరపు ఖండపు విజేతల పోటీలో అంతిమ క్రీడయందు ఆడి విజయము పొందెను. పిమ్మట స్వదేశపు జట్టునకు నాయకుడై 2008లోను, 2012లోను యూరపు కప్పును, 2010లో ప్రపంచ కప్పును గెలుచుకొనెను. 2010 జులై 11వ తేదీన జోహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచకప్పు అంతిమ క్రీడలో, హాలెండు ఆటగాడు రాబెన్ బంతితో ఒంటరిగా అతని మీదికి వచ్చి కొట్టగా, ఒకవైపునకు ఒరిగిపోవుచునే కసియాస్ తన కుడికాలి కొనతో ఆ బంతిని ప్రక్కకు మరలించెను. ఆ పాదము అక్కడ లేకున్నచో స్పెయినునకు ఆ కప్పు దక్కెడిదో లేదో! స్వదేశమున కొందరతనిని ఋషితుల్యునిగా పిలుచుచుండిరి.

2012 డిసెంబరు 22వ తేదీన రియల్ మాడ్రిడ్ శిక్షకుడు జోసె మొరీనియో అతనిని ఒక క్రీడకు పక్కన కూర్చుండబెట్టెను. వాదము అప్పుడే మొదలయ్యెను. నెల తిరిగిన పిదప, 2013 జనవరి 23వ తేదీన వలెన్సియా నగరమున ఆడుచుండగా, స్వంత జట్టువాడైన అర్బెలోవా కాలు పొరపాటున తగిలి కసియాస్ చేతి ఎముక విరిగెను. అతని స్థానమును నింపుటకు డియెగో లోపెజ్ అను గోల్‌కీపరును సంఘమువారు వెంటనే తెచ్చుకొనిరి. లోపెజ్ చక్కగా ఆడెను. కసియాస్ చేయి నయమయ్యెను. కాని పోయిన స్థానము ఆ క్రీడాకాలమున తిరిగి రాలేదు. మరుసటి క్రీడాకాలమునకు వచ్చిన శిక్షకుడు అన్చెలోత్తి దేశపు లీగు క్రీడలకు లోపెజ్‌ను, యూరపు పోటీకిని రాజు పేరిటి కప్పునకును కసియాస్‌ను నియమించెను. ఒకే ద్వారమునకు ఇద్దరు కాపరులు! అభిమానులు రెండు పక్షములైరి. ఒకే మైదానమున ఒక మూలనుండి జయధ్వానములును, మరియొక మూలనుండి ఈలలును అతనికి వినబడుచుండెను.

ఇరుపక్షముల మాటలను సావధానముగ వినవలెను. మొదటి పక్షమువారు ఇట్లనిరి: ద్వారము ముందు నిలుచువాడు నేడు బంతిని ఆపగలడా లేదా అనునదే ప్రశ్న. నిన్నటి కీర్తి నేటి బంతిని ఆపదు. అతనికంటె సమర్థుడు పక్కనుండగా అతనిని నిలుపుట జట్టునకు ద్రోహము, ఆ రెండవవానికి అన్యాయము. రెండవ పక్షమువారు ఇట్లనిరి: చిన్ననాటినుండి ఈ సంఘమునకే బ్రతుకు ధారపోసినవాడు; ఇన్ని కప్పులు తెచ్చినవాడు. చేయి విరిగినందులకు స్థానము కోల్పోవుట ఏమి న్యాయము? ఓడ దాటువరకు ఓడమల్లన్న, దాటిన పిమ్మట బోడిమల్లన్న అనుట కృతఘ్నత కాదా?

నిష్పక్షపాతముగ చూచినచో రెండు మాటలయందును సత్యము కలదు. స్థానమన్నది పనికొరకు ఏర్పడినది. అది బహుమానము కాదు, ఆస్తి కాదు. కట్ట కాచువానికి చూపు మందగించినచో, అతని పూర్వసేవను తలచి అతనినే అచట నిలుపుట అతనికి ఉపకారము కాదు. దిగువనున్న పొలములకును ఉపకారము కాదు. ఈ విషయమున మొదటి పక్షమువారి మాట చెల్లును. కృతజ్ఞత లేని సమాజమున ఎవడును మనస్ఫూర్తిగ సేవచేయడు. నేడు ఒకనిని వీధిలోనికి త్రోసినచో రేపు తనకును అదియే గతి యని ప్రతివాడును ఎరుగును. ఈ విషయమున రెండవ పక్షమువారి మాట చెల్లును.

చిక్కు ఎక్కడ వచ్చినది? మొదటివారు స్థానమునుండి తొలగించుటతో ఆగక, గౌరవమునుండి కూడ తొలగింపబూనిరి. రెండవవారు గౌరవము నిలుపుటతో ఆగక, స్థానమును కూడ ఋణము తీర్చు ద్రవ్యముగ చెల్లింపబూనిరి. స్థానము పనికి చెందినది. గౌరవము మనిషికి చెందినది. ఈ రెంటిని వేరుచేసి చూచినచో వాదములోని వేడి చాలవరకు చల్లారును. ఆటలో ఎవరిని నిలుపవలెనని శాంతముగ చర్చించుట సాధ్యమగును. ఓడిన పక్షము సైతము తన ప్రీతిపాత్రుని గౌరవము చెక్కుచెదరలేదని తృప్తినొందును.

కసియాస్ జీవితముననే దీనికొక నిదర్శనము కలదు. 2002 సంవత్సరమున అతడు రియల్ మాడ్రిడ్ జట్టున తన స్థానమును సెసార్ సాంచెజ్ అను సహచరునకు కోల్పోయి పక్కన కూర్చుండియుండెను. మే 15వ తేదీన గ్లాస్గో నగరమున జరిగిన యూరపు పోటీ అంతిమ క్రీడలో సెసార్ గాయపడగా, కసియాస్ లోనికి వచ్చి, చివరి నిమిషములలో వరుసగా వచ్చిన బంతులను అడ్డుకొని కప్పును దక్కించెను. ఆ నెలలోనే స్పెయిను జట్టు ముఖ్య గోల్‌కీపరు కన్యిజారెస్ కాలి మీద సీసా పడి గాయమగుటచే, ప్రపంచకప్పున ఆడు అవకాశమును కసియాస్‌కే వచ్చెను. ఆనాడు ఇతరుల గాయము అతనికి ద్వారము తెరచినది. 2013లో అతని గాయము మరియొకనికి తెరచినది. ఇందులో ద్రోహము ఎవరిది? కాలగతియే అట్టిది. ఇది గ్రహించినవాడు, వచ్చినపుడు పొంగడు, పోయినపుడు కుంగడు. లోపెజ్‌ను దొంగవలె చూచినవారును, కసియాస్‌ను భారమువలె చూచినవారును ఈ సత్యమును మరచిరి.

తీర్పు చెప్పువారు గుర్తుంచుకొనవలసిన రెండవ విషయము, తమకు తెలిసినది ఎంత స్వల్పమో అనునది. బయటివారు చూచునది ఫలమును మాత్రమే. దానికి కారణము తరచుగా కనబడదు. 2018 మే 26వ తేదీన కీవ్ నగరమున యూరపు పోటీ అంతిమ క్రీడ జరిగెను. అందు లివర్‌పూల్ గోల్‌కీపరు లోరిస్ కారియుస్ రెండు ఘోరమైన పొరపాట్లు చేసెను. చేతిలోని బంతిని తోటివానికి విసరబోయి ఎదుటివాని కాలికే అందించెను. దూరమునుండి వచ్చిన మరియొక బంతి అతని చేతులలోనుండి జారిపోయెను. జట్టు 3-1 తేడాతో ఓడెను. అతడు కన్నీటితో చేతులు జోడించి అభిమానులకు క్షమాపణ చెప్పుకొనెను. అయినను చంపుదుమను బెదిరింపులు అతనికి వచ్చినవి. కొలది దినములకు అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు అతనిని పరీక్షించి, ఆ క్రీడలోనే అతని తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినదనియు, దాని వలన చూపునకు సంబంధించిన శక్తి కొంత కుంటుపడి ఉండవచ్చుననియు తెల్పిరి. మొదటి పొరపాటునకు కొలది నిమిషముల ముందు ఎదుటి జట్టువాడు అతనిని ఢీకొనుటను కోట్లమంది చూచిరి. దాని ఫలమును ఎవ్వరును చూడలేదు. చేయి విరిగినచో కట్టు కనబడును. తలలోని దెబ్బకు కట్టు లేదు. మనస్సులోని దెబ్బకు అసలే లేదు.

వైద్యుల మాటను సైతము సాకు అని నవ్వినవారుండిరి. ఇది మనుష్యస్వభావములోని ఒక బలహీనత. ముందు తీర్పు చెప్పినవానికి పిదప వచ్చిన సాక్ష్యము రుచింపదు. అది నిందితుని విడిపించుటయే కాక, తీర్పరిని దోషిగ నిలబెట్టును గదా! అదే సంవత్సరము జులైలో లివర్‌పూల్ వారు అలిసన్ అను మరియొక గోల్‌కీపరును తెచ్చుకొనిరి. అందు తప్పులేదు, స్థానము పనిది. తప్పు బెదిరింపులయందు కలదు, అపహాస్యమునందు కలదు.

ఇక నాయకత్వపు ప్రశ్న. నాయకుడనగా ఎన్నడును తప్పు చేయనివాడని పలువురి భావన. 2014 మే 24వ తేదీన లిస్బన్ నగరమున జరిగిన అంతిమ క్రీడలో కసియాస్ ద్వారము విడిచి ముందుకు వచ్చి, బంతిని అందుకొనలేక, గొదీన్ అను ఆటగాడు తలతో కొట్టిన బంతి తన మీదుగ లోనికి పోవుట చూచెను. అది 36వ నిమిషము. తక్కిన గంటసేపు ఆ పొరపాటును మోయుచు అతడు నిలువవలసి వచ్చెను. ఆట ముగియబోవు 93వ నిమిషమున సహచరుడు సెర్హియో రామోస్ గోలు చేసి జట్టును నిలిపెను. అదనపు సమయమున జట్టు 4-1 తేడాతో గెలిచెను. కప్పును పైకెత్తినవాడు ఆ తప్పు చేసిన నాయకుడే. అది అతనికి అర్హము కాదని కొందరనిరి. కాని ఎన్ని సంవత్సరములుగ ఇతరుల తప్పులను అతడు తన చేతులతో కప్పిపుచ్చెనో! ఆ ఒక్క రాత్రి అతని తప్పును ఇతరులు కప్పిరి. జట్టు అను మాటకు అర్థమిదియే.

నాయకుని కొలుచుటకు మరియొక కొలబద్ద కలదు. 2011 ఆగస్టులో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా జట్ల మధ్య మైదానముననే పెద్ద కలహము జరిగెను. ఆ రెండు జట్ల ఆటగాండ్రును స్వదేశపు జట్టున కలిసి ఆడవలసినవారు. కసియాస్ తానే ముందుగ బార్సిలోనా వారైన జావిని, పుయోల్‌ను టెలిఫోనులో పిలిచి సమాధానపరచెను. స్వపక్షమువారిలో కొందరికి ఇది శత్రువు ముందు తలవంచుటగ తోచెను. మరుసటి సంవత్సరము, 2012లో, కసియాస్‌కును జావికిని కలిపి స్పెయిను యువరాజు పేరిటి క్రీడా పురస్కారము లభించెను. అదే సంవత్సరము ఆ జట్టు యూరపు కప్పును మరల గెలిచెను. బంతిని ఆపు చేతికి వయస్సు వచ్చును, గాయము వచ్చును. తన పక్షమువారి అసంతృప్తికి ఓర్చి శాంతికై ముందడుగు వేయు గుణమునకు వయస్సు రాదు. నాయకత్వమును గోలుల లెక్కతో కొలిచినవారు దీనిని చూడలేదు.

లిస్బన్ తరువాత మూడు వారములు గడువక ముందే, 2014 జూన్ 13వ తేదీన, బ్రెజిల్ దేశమున ప్రపంచకప్పు మొదటి క్రీడలో స్పెయిను హాలెండు చేతిలో 5-1 తేడాతో ఓడెను. కసియాస్ పొరపాట్లు స్పష్టముగ కనబడినవి. అయిదు దినముల పిమ్మట రియో నగరపు మరకానా మైదానమున చిలీ చేతిలో ఓడి ప్రపంచవిజేతలు ఇంటిదారి పట్టిరి. ఆ మైదానమునకు గోల్‌కీపరుల కన్నీరు కొత్త కాదు. 1950 జులై 16వ తేదీన అక్కడనే, ఇంచుమించు రెండు లక్షలమంది ఎదుట, బ్రెజిల్ జట్టు ఉరుగ్వే చేతిలో 2-1 తేడాతో ఓడెను. సమానముగ ముగిసినను కప్పు బ్రెజిల్‌దే అయ్యెడిది. 79వ నిమిషమున గిజియా కొట్టిన బంతి గోల్‌కీపరు మోవాసిర్ బర్బోజాకును, దగ్గరి స్తంభమునకును నడుమ దూరిపోయెను. మొదటి గోలు వచ్చిన విధముననే ఈసారియు గిజియా బంతిని మధ్యకు పంపునని బర్బోజా ఊహించెను. ఆ ఊహ తప్పు, బుద్ధిహీనత కాదు.

ఆ ఒక్క అడుగు అతని శేషజీవితమును మింగివేసెను. ఆ కాలపు శ్రేష్ఠులలో ఒకడని పేరుపొందినవాడు 2000 సంవత్సరమున మరణించువరకు ఆ నిందతోనే బ్రతికెను. తన దేశమున అతి గొప్ప నేరమునకు సైతము ముప్పది సంవత్సరములే శిక్ష యని, తన శిక్ష మాత్రము ఏబది సంవత్సరములైనను తీరలేదని అతడు చివరి దినములలో వాపోయెను. న్యాయస్థానపు శిక్షకు ఒక గడువు ఉండును, జనుల నోటి శిక్షకు గడువు లేదు. న్యాయస్థానమున తీర్పరి ఒక్కడు, అతడు తన తీర్పునకు బాధ్యుడు. గుంపులో తీర్పరులు లక్షలమంది, బాధ్యుడు ఒక్కడును లేడు. ప్రతివాడును తాను విసరినది చిన్న రాయియే యనుకొనును. బర్బోజా మీద పడినది రాళ్ళగుట్ట.

అట్లయినచో విమర్శ వలదా? ఆటగాడు గొప్ప ధనమును, కీర్తిని పొందుచున్నాడు. చూచువారు తమ కష్టార్జితముతో టిక్కెట్టు కొనుచున్నారు. తప్పును తప్పనకున్నచో శ్రేష్ఠత ఎట్లు నిలుచును? ఈ ఆక్షేపణ సమంజసమైనదే. విమర్శ వలదనుట ధర్మము కాదు. దయ పేరిట అసత్యమాడుట వలన ఆటగానికే కీడు. కాని పనిని విమర్శించు హక్కు టిక్కెట్టుతో వచ్చును గాని, మనిషిని అవమానించు హక్కు ఏ టిక్కెట్టుతోను రాదు. “ఆ బంతికి అతడు ఆలస్యముగ కదలెను” అనుట విమర్శ. “అతడు పనికిమాలినవాడు” అనుట నింద. మొదటిదానిని అతని ఎదుట కూర్చుండి చెప్పవచ్చును. అతడు విని నేర్చుకొనవచ్చును. రెండవదానిని గుంపులో దాగి మాత్రమే చెప్పగలరు. తన మాట విమర్శయో నిందయో తెలియగోరువాడు, ఆ మాటను ఆ మనిషి ముఖము చూచి చెప్పగలనా అని తన్ను తాను ప్రశ్నించుకొనిన చాలును.

భారతకథ ఎరిగినవారికి కర్ణుడు జ్ఞాపకము వచ్చును. సేనాపతియైన భీష్ముడు తనను అర్ధరథునిగ లెక్కించుటచే కర్ణుడు కోపించెను. వృద్ధుని నాయకత్వమును ఎదుటనే నిరసించి, అతడు పడిపోవువరకు ఆయుధము పట్టనని ప్రతినపూనెను. అది స్థానమును గూర్చిన తగవు. కాని పదవదినమున భీష్ముడు అంపశయ్యపై ఒరిగినపుడు, ఆ కర్ణుడే ఒంటరిగ వచ్చి, కన్నీటితో అతని పాదములకు మ్రొక్కెను. భీష్ముడును అతనిని దగ్గరకు తీసికొని ఆదరించెను. సేనాపత్యమును గూర్చిన తగవు పడిన వృద్ధుని పాదములకు మ్రొక్కుటకు అడ్డురాలేదు. కర్ణుని దోషములెన్ని ఉన్నను, ఆ క్షణమున అతడు స్థానమును, మనిషిని వేరుచేసి చూడగలిగెను.

నింద వలన నిందితునికి కలుగు బాధ కొంతకాలమునకు తీరవచ్చును. నిందించువానికి కలుగు నష్టము మాత్రము నిలిచిపోవును. ప్రతి వారము ఒకని పతనమునకై ఎదురుచూచు కన్ను, ఆటలోని అందమును చూడలేదు. క్రమముగ ఇంటిలోను, పనిచేయు చోటను సహచరుల తప్పులనే వెదకుటకు అలవాటుపడును. కృతజ్ఞతను పోగొట్టుకొన్నవాడు పోగొట్టుకొన్నది ఇతరుని ఆస్తిని కాదు, తన ఆస్తినే.

2015 జులైలో కసియాస్ ఇరువదియైదు సంవత్సరముల అనుబంధమును, 725 క్రీడలను వెనుక విడిచి పోర్చుగల్ దేశపు పోర్తో సంఘమునకు వెడలిపోయెను. వీడ్కోలు సభలో వేదికపై ఒంటరిగ కూర్చుండి, కన్నీరు ఆపుకొనలేక కాగితమును చదివెను. పోర్తోలో 2017లో మరల ఒక యువకునికి తన స్థానమును కోల్పోయెను. ఓర్పుతో వేచియుండి మరల పొందెను. 2018లో ఆ సంఘము దేశపు లీగును గెలిచెను. 2019 మేలో అభ్యాసము చేయుచుండగా గుండెపోటు వచ్చెను. 2020 ఆగస్టులో ఆటనుండి విరమించెను. అదే సంవత్సరము డిసెంబరులో రియల్ మాడ్రిడ్ వారి సేవాసంస్థలో పనిచేయుటకు అతడు తిరిగి వచ్చెను. ఆ ద్వారము ముందు నిలుచు స్థానము అప్పటికి ఇతరులది, అది న్యాయమే. మనిషి మాత్రము ఇంటికి వచ్చెను.

ఈలలు వేసినవారును, జయజయధ్వానములు చేసినవారును ఆనాడు సమానముగ సంతోషించియుందురు. ఆ సంతోషమునకు అన్ని సంవత్సరములు వేచియుండవలసిన అవసరము లేకుండెను. స్థానమును మార్చుదినముననే గౌరవమును నిలిపియున్నచో చాలియుండెడిది.